లేత్ మీద మిల్లింగ్‌కు ఏ మోటారు?

మల్కాపురం,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన బొమ్మ అందాయి. లేత్ బెడ్ (పనిముక్కను తిప్పి కోసే యంత్రం పీఠం) వెనక స్తంభం నిలబెట్టి దానికి చిన్న మిల్లింగ్ హెడ్, అంటే తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే భాగం, బిగించాలన్న ఆలోచన బాగుంది. స్తంభం అడుగు మాత్రం ఇంకా వెడల్పుగా ఉండాలి, దాని గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. నా మనసుకు ఎక్కనిది మోటారు ఒక్కటే. ఇంట్లో మూలపడి ఉన్న 750 వాట్ల మిక్సీ మోటారు పెడతానన్నావు. ఒక హార్స్‌పవర్ ఉంది కదా, ఇంతకన్నా ఏం కావాలి అని అడిగావు.

మోటారు లెక్క కట్టర్ దగ్గర మొదలుపెట్టాలి నాయనా. మామూలు ఇనుము మీద హైస్పీడ్ స్టీల్ కట్టర్ అంచు నిమిషానికి 25 మీటర్ల వేగంతో నడిస్తే చాలు. 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ (కొసతోనూ పక్కలతోనూ కోసే కట్టర్) అయితే నిమిషానికి సుమారు 800 చుట్లు. 6 మిల్లీమీటర్లది 1,300, 20 మిల్లీమీటర్లది 400. నీ మిక్సీ మోటారు తిరిగేది 18,000 ప్రాంతంలో. దాన్ని 800కు దించాలంటే ఇరవై రెండు రెట్లు తగ్గించాలి. ఒక్క జత పుల్లీలతో అది జరిగే పని కాదు. రెగ్యులేటర్ పెట్టి తగ్గిస్తానంటావేమో. అప్పుడు వేగంతో పాటు బలమూ పోతుంది. పైగా ఆ జాతి మోటారుకు బరువు పడగానే వేగం పడిపోతుంది, బరువు తీయగానే ఒక్కసారిగా పెరుగుతుంది. కట్టర్ పనిముక్క అంచు దాటి బయటికొచ్చే క్షణంలో ఆ పరుగు చాలా ప్రమాదం. మిక్సీ కొన్ని నిమిషాలు తిరిగి ఆగడానికి చేసిన వస్తువు, గంటసేపు ఇనుములో గాడి కొయ్యడానికి కాదు. కార్బన్ బ్రష్‌ల దగ్గరికి ఇనుప రజను చేరితే దాని ఆయుష్షు అక్కడితో సరి.

బలం ఎంత కావాలో కూడా చూడు. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో 3 మిల్లీమీటర్ల లోతున, నిమిషానికి 60 మిల్లీమీటర్లు నడిపితే కోతకు దాదాపు 90 వాట్లు పడతాయి. బెల్టులోనూ బేరింగుల్లోనూ పోయేది కలుపుకున్నా అర హార్స్‌పవర్, అంటే 370 వాట్లు, సరిపోయి ఇంకా మిగులుతుంది. నీ చిన్న లేత్ అంతకన్నా పెద్ద కోతకు ముందే వణికిపోతుంది. పెద్ద మోటారు పెడితే నీకు దక్కేది స్తంభం మీద అదనపు బరువే.

అందుకని నా మాట ఇది: అర హార్స్‌పవర్, నాలుగు పోళ్ల త్రీ ఫేజ్ మోటారు, దానికి సింగిల్ ఫేజ్ కరెంటుతో నడిచే వీఎఫ్‌డీ, అంటే కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్. 50 హెర్ట్జ్ దగ్గర ఈ మోటారు 1,400 చుట్ల పైన తిరుగుతుంది. డ్రైవ్‌ను 25 నుంచి 75 హెర్ట్జ్ మధ్య ఉంచి, పుల్లీలు రెండు మెట్లుగా, సమానంగా ఒకటీ సగానికి తగ్గించేది ఒకటీ పెట్టుకుంటే సుమారు 350 నుంచి 2,100 దాకా నీ చేతిలో ఉంటుంది. ఇంకా కిందికి దించితే మోటారు వెనక ఫ్యాను కూడా నెమ్మదించి ఒళ్లు కాగుతుంది. సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారు చవకే, పనికీ వస్తుంది. కానీ దాని తోపుడు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. నునుపుగా రావలసిన తలం మీద ఆ వణుకు జాడ కనబడుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. నా మొదటి డ్రైవ్‌కు తగిలించిన మోటారు 415 వోల్టుల స్టార్ కనెక్షన్‌ది, అంటే మూడు వైండింగుల ఒక్కో కొసనూ ఒకచోట ముడివేసినది. ఖాళీగా హాయిగా తిరిగింది. కట్టర్ ఇనుమును తాకగానే ఆగిపోయేది. డ్రైవ్ చెడిందనుకుని రెండు రోజులు దాన్నే విప్పి చూశాను. లోపం కనెక్షన్‌లో ఉంది. డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టులు. స్టార్‌లో ఉన్న మోటారుకు అంతే ఇస్తే బలం మూడో వంతుకు పడిపోతుంది. నేమ్‌ప్లేటు మీద 240/415 అని ఉండి, టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలు ఉంటే పట్టీలు మార్చి డెల్టా, అంటే మూడు వైండింగులనూ త్రికోణంలా కలపడం, చేసుకోవచ్చు. మూడే ఉంటే ఆటోనగర్‌లో వైండింగ్ చేసేవారి చేత లోపలి స్టార్ ముడి విప్పించి ఆరు కొసలూ బయటికి తీయించు.

పాత మోటారు కొంటే పూర్తిగా మూసి ఉన్నదే తీసుకో. రజను ఒక కారణం, మన సముద్రపు గాలి ఇంకో కారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా షెడ్డు రేకులు లేచిపోయి రెండు మోటార్లు తడిశాయి. జాలీ ఉన్నదాన్ని పైపైన ఆరబెట్టి, కరెంటు రాగానే తొందరపడి వేశాను. వైండింగ్ కాలిపోయింది. మూసి ఉన్నదాన్ని విప్పి, పెట్టెలో 100 వాట్ల బల్బు పక్కన రెండు రోజులు ఉంచి, 500 వోల్టుల మెగ్గర్‌తో (వైండింగు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) చూశాకే వేశాను. అది ఇవాళ్టికీ తిరుగుతోంది. మెగ్గర్ ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ మోటారుకు డబ్బు ఇవ్వకు.

కట్టర్‌ను మోటారు షాఫ్టుకే బిగించాలన్నది నీ బొమ్మలో ఉన్న ఇంకో పొరపాటు. పక్క తోపుడును, దెబ్బలను అంత దగ్గరగా మోయడానికి ఆ బేరింగులు చేసినవి కావు. టేపర్ రోలర్ బేరింగుల మీద విడిగా స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) చేసి, బెల్టుతో తిప్పు. కట్టర్‌ను డ్రిల్ చక్‌లో పట్టించకు, పక్క కోతకు అది జారుతుంది. కట్టర్ కాడను చుట్టూ బిగించి పట్టే ఈఆర్ కోలెట్ చక్ కొను. మోటారులో మిగిలిన డబ్బంతా ఈ స్పిండిల్ మీద పెట్టినా నేను కాదనను.

డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకు, ఆపడం డ్రైవ్ బటన్‌తోనే జరగాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటది తిరగడం మొదలుపెట్టకుండా సెట్ చెయ్యి. మోటారు ఒంటికి ఎర్త్ తప్పనిసరి. స్విచ్ ఆపేసినా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగాకే మూత తెరువు.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఆటోనగర్ వెళదాం, మెగ్గర్ నేను తెస్తాను. నువ్వు స్తంభం కొలతలు, లేత్ బెడ్ వెనక ఎంత ఖాళీ ఉందో రాసుకుని రా. అప్పటిదాకా ఆ మిక్సీ మోటారును దేనికీ బిగించకు.

ఇట్లు,
మీ మామయ్య