ఆఫ్‌సైడ్ అంటే ఏంటండీ?

ప్రశ్న: 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో సౌదీ అరేబియాపై అర్జెంటీనా మూడుసార్లు బంతిని నెట్‌లోకి కొట్టినా ఆఫ్‌సైడ్ అని గోల్ ఇవ్వలేదు. అసలు అదేంటి?

జవాబు: సహచరుడు బంతిని తన్నిన క్షణంలో ఆటగాడు ఎక్కడున్నాడన్నదే లెక్క, బంతి అందుకున్నప్పుడు కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ క్షణానికి అవతలి జట్టు సగంలో ఉండి, బంతి కంటే, వాళ్లలో చివరి నుంచి రెండో ఆటగాడి కంటే (చివరివాడు మామూలుగా గోల్‌కీపరే) గోల్ లైన్‌కు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. చేతులు లెక్కలోకి రావు, మోకాలు ముందున్నా చాలు. ఆరోజు సౌదీ డిఫెండర్లు గోల్ దగ్గర కూర్చోకుండా బాగా ముందుకు జరిగి ఆడారు, దాంతో అర్జెంటీనా ఆటగాళ్లు మెస్సీ, లౌటారో మార్టినెజ్ వాళ్లను దాటి ఆఫ్‌సైడ్‌లో చిక్కారు. మెస్సీ ఎదురుగా ఉన్నప్పుడు అలా ఆడాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! చివరికి సౌదీవాళ్లు 2-1తో గెలిచారు కూడా. త్రో-ఇన్ (పక్క గీత బయటి నుంచి చేత్తో విసరడం), కార్నర్ (మైదానం మూల నుంచి తన్నడం), గోల్ కిక్ (తమ గోల్ ముందు నుంచి తన్ని ఆట మళ్లీ మొదలుపెట్టడం) నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు.