కాలు ఆన్చగానే విమానం ఆగిపోతుంటే

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కంప్యూటర్లో ఆడే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో (సిమ్‌లో) ఒడిశాలోని జయపురం రన్‌వే మీద సెస్నా కారవాన్ అనే చిన్న విమానం దింపి, బ్రేక్ పెడల్ మీద కాలు ఆన్చగానే ముక్కు కిందికి గుచ్చుకుంటోందని, విమానం ఫైల్లో బ్రేక్ అంకె తగ్గించేస్తానని రాశావు. ఆగు నాయనా. జబ్బు పెడల్‌లో ఉంటే ఆ అంకె తగ్గించి లాభం లేదు.

ముందు కంట్రోల్స్ పేజీలో ఎడమ బ్రేక్ యాక్సిస్, కుడి బ్రేక్ యాక్సిస్ (పెడల్ ఎంత నొక్కావో చెప్పే కొలత) దేనికి కట్టి ఉన్నాయో చూడు. కొత్త పరికరం తగిలించినప్పుడు జాయ్‌స్టిక్‌లో ఏదో ఒక యాక్సిస్‌ని కూడా సిమ్ తనంతట తానే బ్రేక్‌కి కట్టేస్తుంటుంది. అది తీసెయ్. కాలు తీసినప్పుడు బ్రేక్ పడి, నొక్కితే వదులుతోందా? రివర్స్ టిక్కు మార్చు. కాలు పెట్టకుండానే తెరమీద యాక్సిస్ గీత వణుకుతుంటే విండోస్‌లో క్యాలిబ్రేట్ చేసి, 5 శాతం డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని సిమ్ పట్టించుకోని జాగా) ఇవ్వు.

అసలు తప్పు ఎక్కువగా సెన్సిటివిటీ దగ్గర, అంటే ఎంత నొక్కితే ఎంత బ్రేక్ పడాలో చూపే వంపు గీత దగ్గర జరుగుతుంది. కర్ర (జాయ్‌స్టిక్) యాక్సిస్‌కి మధ్యలో సున్నా. బ్రేక్‌కి అలా కాదు, కాలు తీసినప్పుడు అది ఒక చివర ఉంటుంది. కర్రకి ఇచ్చినట్టే మైనస్ అంకె ఇస్తే గీత మధ్యలో చదునై, చివర్లు నిటారుగా లేస్తాయి. అంటే కాలు ఆన్చిన మొదటి అర అంగుళంలోనే బ్రేక్ గట్టిగా పడుతుంది! అంకె చూడకు, గీత చూడు. కాలు తీసిన చివర అది పడుకుని ఉండాలి. రెండు పెడల్స్‌కీ ఒకే విలువ పెట్టు, లేకపోతే విమానం పక్కకి లాగుతుంది.

ఇంకా తగ్గకపోతేనే ఫైలు ముట్టు. విమానం సెట్టింగులు ఉండే సిస్టమ్స్ సి.ఎఫ్.జి. ఫైలుకి నకలు తీసి దాచుకుని, బ్రేక్స్ విభాగంలో టో బ్రేక్స్ స్కేల్ (పెడల్ బ్రేకుల బలం) అంకె వెతుకు. పాత ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ (ఎఫ్‌ఎస్‌ఎక్స్)లో అయితే అది ఎయిర్‌క్రాఫ్ట్ సి.ఎఫ్.జి.లో ఉంటుంది. 1.0 ఉంటే 0.9 చెయ్యి, సిమ్ మూసి తెరిచి చూడు, అప్పటికీ ముక్కు గుచ్చుకుంటుంటే ఇంకో 0.1 తగ్గించు. ఒకేసారి సగానికి కోస్తే ఎంత చాలో నీకే తెలీదు.

మార్చిన ప్రతిసారీ రెండు పరీక్షలు. బ్రేకులు నొక్కి పట్టి థ్రాటిల్ పెంచు. విమానం ముందుకి పాకితే అంకె మరీ తగ్గిందని, 0.1 మళ్లీ పెంచు. తరవాత దిగి చూడు. ముక్కు చక్రం నేలకి ఆనేదాకా బ్రేక్ వద్దు, ముందు ప్రొపెల్లర్‌ని రివర్స్‌లోకి లాగు. జయపురంలో 2022లో నిజం కారవాన్లు దిగడం మొదలైంది ఆ రన్‌వే మీదే, కాబట్టి సాయంత్రం అక్కడే పరీక్షించి గీత ఫోటో పంపు.