తొట్టి ఖాళీ చేయవద్దు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ క్రిబెన్సిస్ చేపల జంట మట్టి ముంత చుట్టూ తిరుగుతున్నదనీ, ఆడచేప పొట్ట చెర్రీపండు రంగుకు తిరిగిందనీ, పుట్టబోయే పిల్లలను అదే అక్వేరియంలో తక్కిన చేపల నడుమనే పెంచాలని నువ్వు నిశ్చయించుకున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. వింటున్నంతసేపూ గర్వంగానే ఉంది. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. నా తొట్టి అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరికి ఆవిరి పట్టిన చోట అరచేత్తో తుడుచుకుని మళ్లీ చూస్తూ కూర్చున్న పిల్లవు నువ్వు. అదే తొట్టిలో ఒకప్పుడు నేను చేసిన తప్పు నీకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే నాది పెద్దరికం అనిపించుకోదు.

తెలిసిన సంగతులు ముందుగా ముగిస్తాను. నీరు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫిల్టరు నీటిని పీల్చే చోట స్పాంజి తొడుగు. కొళాయి నీటిని రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది గాని కొన్నిచోట్ల దాని బదులు కలిపే క్లోరమిన్ పోదు కాబట్టి క్లోరిన్ తొలగించే మందు ప్రతిసారీ వెయ్యి. నీటి ఆమ్లత్వాన్ని తెలిపే పీహెచ్ 7కు దగ్గరలో ఉంచు; ఈ జాతిలో పిల్లలు మగవవుతాయా ఆడవవుతాయా అన్నది తొలి వారాల నీటిని బట్టి చాలావరకు మారుతుంది, పీహెచ్ తగ్గి ఆమ్లత్వం పెరిగితే మగపిల్లలు ఎక్కువవుతాయి.

నీ తొట్టి అడుగున తిరిగే కోరిడోరాస్ చేపల విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. గుడ్లు పెట్టక ముందే వాటిని వేరే తొట్టిలోకి మార్చు. పైనీటిలో తిరిగే చిన్న టెట్రా చేపలకు సరిహద్దు తెలుస్తుంది. మగ క్రిబెన్సిస్ రెక్కలు విప్పి ఒక్కసారి ముందుకు దూకితే అవి తప్పుకుంటాయి. కోరిడోరాస్ అలా కాదు, వంటి మీద పలకల్లాంటి కవచం ఉంది గనుక దెబ్బ తగిలినా పక్కకు తిరిగి మళ్లీ అదే ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటూ ముంత దగ్గరకే వస్తుంది. పగలంతా కాపలా కాసిన జంట రాత్రి చీకట్లో దానిని చూడలేదు, అది వాసన పట్టి గుడ్లు తినిపోతుంది. అది చాలదన్నట్టు, కోపం పట్టలేని తల్లిచేప కాటుకు దాని మీసాలు తెగుతాయి, కళ్లు కూడా పోతాయి. నీ తొట్టిలో నువ్వే పెట్టిన జీవి అది. పుట్టబోయే పిల్లల మీద ఉన్న ఆపేక్షలో ముందునుంచీ ఉన్నవాటిని మరిచిపోతావేమోనన్నదే నా మొదటి భయం.

గుడ్లు ముంత లోపలి కప్పుకు అంటి ఉంటాయి. రెండు మూడు రోజులలో పొదుగుతాయి. ఆ తర్వాత మరో నాలుగైదు రోజులు పిల్లలు ఈదలేక, పొట్టకింది సొన మీదనే బతుకుతూ అడుగున మెదులుతుంటాయి. ఈ వారమంతా తల్లి లోపల, తండ్రి బయట. నీకు కనిపించేది ముంత నోట అప్పుడప్పుడు మెరిసే ఒక కన్ను మాత్రమే. చూడాలన్న తహతహ ఆపుకోలేక ముంత ఎత్తితేనో, టార్చి వేసి లోపలికి తొంగిచూస్తేనో బెదిరిన జంట గుడ్లను తానే మింగేస్తుంది. చిన్నప్పుడు నాటిన గింజ మొలకెత్తిందా లేదా అని రోజూ మట్టి తవ్వి చూసేదానివి, కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ముంతను చేత్తో తాకవద్దు. జాగ్రత్తగా ఉన్నా మొదటి కాన్పు పిల్లలను జంటే తినేస్తే ఏడవకు. లేతజంటలు రెండు మూడు సార్లకు గాని కుదురుకోవు.

ఇక నా సంగతి. అప్పుడు నాకు 90 సెంటీమీటర్ల పొడవు తొట్టి ఉండేది. అందులో ఒక క్రిబెన్సిస్ జంట, పది టెట్రాలు, రెండు గౌరామీ చేపలు. జంటకు అది మూడో కాన్పు, మొదటి రెండూ దక్కలేదు. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన ఐదో రోజున, సుమారు అరవై పిల్లలు తల్లి గడ్డం కింద చిన్న మబ్బులా కదులుతుండగా, అంచున ఉన్న ఒకదానిని ఒక టెట్రా నా కళ్లముందే నోట కరుచుకుపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే వల తీసుకుని టెట్రాలను, గౌరామీలను ఒక్కటి మిగలకుండా పట్టి వేరే తొట్టిలో వేశాను. గంటన్నర పట్టింది. మొక్కలు లేచిపోయాయి, ఇసుక రేగింది, పిల్లలు చెల్లాచెదురయ్యాయి. అయినా ఆ రాత్రి తొట్టి ప్రశాంతంగా కనిపించింది, మంచి పని చేశానని తృప్తిగా పడుకున్నాను.

మరునాడు మగచేప ఎప్పటిలాగే గస్తీ తిరిగింది. తరమడానికి ఎవరూ లేరు. ఆ మూలకు వెళ్లి, ఈ మూలకు వచ్చి, చివరకు ఆడచేప ఎదుట నిలిచి రెక్కలన్నీ విప్పి, తోకతో నీటిని దాని ముఖం మీదికి కొట్టింది. తర్వాత పక్కటెముకల మీద పొడిచింది. కాపురంలో చిన్న గొడవ, అదే సర్దుకుంటుందనుకున్నాను. రెండో రోజుకు ఆడచేప పొట్ట ఎరుపు వెలిసిపోయింది. మూడో రోజు అది పిల్లలను వదిలి, హీటరు వెనుక నీటి పైభాగాన తల పైకి పెట్టి ఒరిగి నిలబడింది. పిల్లల వైపు రెండు అడుగులు రావడం, మగచేప కదలగానే వెనక్కి పోవడం. అది చూస్తూ కూడా నేను పిల్లలనే లెక్కపెట్టుకున్నాను. అవి తగ్గలేదు గదా అని సంతోషించాను. నాలుగో రోజు ఉదయం ఆ తల్లి ఫిల్టరుకూ అద్దానికీ మధ్య సందులో చనిపోయి ఉంది. తోక చీలి దారప్పోగుల్లా అయింది. పిల్లలను మగచేప ఒక్కటే పెంచింది, పంతొమ్మిది దక్కాయి. వాటిని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు గాని నేను వాటిని ఎన్నడూ సంతోషంగా చూడలేకపోయాను.

కారణం నాకు తర్వాత అర్థమైంది. పిల్లలున్నప్పుడు మగచేప ఒంట్లో కాపలా ఆవేశం పొంగుతూ ఉంటుంది, అది ఖర్చు కావడానికి ఎదుట ఎవరో ఉండాలి. పైనీటిలో చురుకుగా తిరిగే టెట్రాలు రోజంతా దానిని కవ్విస్తూ, దెబ్బ తగలకముందే తప్పుకుంటూ ఆ పని చేసిపెడతాయి. వాటివల్ల కొన్ని పిల్లలు పోతాయి, తల్లి మాత్రం బతుకుతుంది. అందుకే, అమ్మాయీ, ఒకటి రెండు పిల్లలు పోయాయన్న ఉక్రోషంతో తొట్టి ఖాళీ చేయవద్దు. ఏదైనా ఒక చేప మూలకు చిక్కి రెక్కలు చిరిగి కనిపిస్తే ఆ ఒక్కదానినే తియ్యి. నీటి పైభాగాన తేలే మొక్కలు దట్టంగా ఉంచు, ఆడచేపకు ముంత కాక మరో రెండు దాగే చోట్లు ఏర్పాటు చెయ్యి. తొట్టికి సరిపోయే అద్దం పలక ఒకటి ఇప్పుడే కోయించి పక్కన పెట్టుకో. ఆడచేప రంగు వెలిసి, పిల్లలకు దూరంగా పైన నిలబడితే అదే రోజు, అదే గంటలో, అద్దం దించి మగచేపను అవతలికి చెయ్యి. నేను ఆగినట్టు మూడు రోజులు ఆగవద్దు.

మేత గురించి కొంచెం. పిల్లలు ఈదిన మొదటి రోజునుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియాను, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్యలను, తినగలవు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, వాటి గుడ్లను అందులో వేసి, వెలుతురులో, గాలి బుడగలు ఆగకుండా ఉంచితే 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. ఖాళీ పెంకులు పైకి తేలనిచ్చి, అడుగున చేరిన ఆర్టీమియాను మాత్రం సన్న గొట్టంతో తీసి, మంచినీటితో కడిగి, పెద్ద సిరంజితో నేరుగా పిల్లల గుంపు మధ్యకు వదులు. ఐదు నిమిషాలు పోయాక దగ్గరగా చూడు: కంటికి ఆనని ఆ గాజు పొట్టలు ఒక్కొక్కటే నారింజ రంగుకు తిరుగుతాయి. రంగు తిరగని పిల్లకు మేత అందలేదన్నమాట. రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టు, అడుగున మిగిలినది సైఫన్ గొట్టంతో తీసెయ్యి, ఒకటి రెండు రోజులకొకసారి పదో వంతు నీరు మార్చు. స్పాంజిని కొళాయి కింద కడగవద్దు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండు. అందులో ఉండి అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు చనిపోతే అమ్మోనియా పెరుగుతుంది, దానికి మొదట బలయ్యేవి పిల్లలే.

సాయంత్రం దీపం ఒక్కసారిగా ఆర్పకు. వెలుతురు తగ్గడం గమనించిన తల్లిదండ్రులు చెదిరిన పిల్లలను ఒక్కొక్కటిగా నోట్లోకి తీసుకుని ముంతలో వదులుతాయి, అందుకు వాటికి అరగంటైనా కావాలి. తొట్టి దీపం ముందు ఆర్పి, గది దీపం ఆ అరగంటా వెలగనివ్వు. తల్లి పిల్లను నోట్లోకి తీసుకోవడం మొదటిసారి చూసినప్పుడు తినేస్తున్నదని నేను అద్దం మీద తట్టాను. నువ్వు తట్టవద్దు.

కొన్ని వారాలకు జంట మళ్లీ గుడ్లకు సిద్ధమై, పిల్లలను తానే తరమడం మొదలుపెడుతుంది. అప్పుడు పిల్లలను వేరు చెయ్యి, ఎవరెవరికి ఇవ్వాలో అంతకు ముందే మాట్లాడి పెట్టుకో. ఎక్కువైనవాటిని చెరువులోనో వాగులోనో వదలాలన్న ఆలోచన రానీయకు. ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొజాంబిక్ తిలాపియా చేప కూడా నీ క్రిబెన్సిస్‌లాగే సిక్లిడ్ కుటుంబంలోనిదే.

ఆ తల్లిచేప గుడ్లు పెట్టిన ముంత నా దగ్గర ఇన్నాళ్లూ ఉండిపోయింది. ఇవాళ వేడినీళ్లలో నానబెట్టి, సబ్బు తగలకుండా తోమి, ఎండలో ఆరబెట్టాను. రేపు పంపుతున్నాను. రెండో చాటుగా, హీటరు ఉన్న వైపున, మూతి వెనుక అద్దం వైపు తిప్పి పెట్టు. అక్కడ దూరిన ఆడచేప నీకు కనిపించదు, మగచేపకూ కనిపించదు.

ప్రేమతో,
మీ పెదనాన్న