ఉల్లి చవకైతే ఇల్లు గడిచినట్టేనా?

ప్రశ్న: 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతమేనని పేపర్లో వేశారు. మావారు ఒక టోకు దుకాణంలో గుమస్తా. 2023 దసరా నుంచి జీతం 18,000 దగ్గరే ఉంది. పెంచమని అడిగితే యజమాని అదే పేపరు చూపించి, ‘ధరలే పెరగలేదు, జీతమెందుకు పెంచాలి?’ అన్నారట. నేను మిషను కుట్టి మరో నాలుగు వేలు తెస్తాను. అయినా ఇరవయ్యో తేదీ దాటితే చేతిలో ఏమీ ఉండదు. బాబు బడి ఫీజు 32,000 నుంచి 38,000 అయింది. ఆ లెక్క అబద్ధమా, నా లెక్క తప్పా?
— ఒక గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: రెండూ నిజమేనమ్మా. ఆ మాట నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ లెక్కకు కావలసిన ధరలు రాసుకొచ్చిన వాళ్లలో నేనొకణ్ని. కేంద్ర గణాంక విభాగంలో పద్దెనిమిదేళ్లు ఏలూరు, భీమవరం దుకాణాల చుట్టూ తిరిగాను. ప్రతి నెలా అదే దుకాణం, అదే రకం పప్పు, అదే సబ్బు. ధరతో పాటు బరువూ రాసేవాళ్లం, ఎందుకంటే ధర మార్చకుండా పొట్లంలో గ్రాములు తగ్గించే విద్య కంపెనీలకు బాగా వచ్చు. పవర్‌పేటలో ఒక పెద్దాయన నన్ను ఏడాదిపాటు పన్నుల శాఖవాడినే అనుకుని ప్రతిసారీ టీ తెప్పించేవారు. కాదని చెప్పాక టీ ఆగిపోయింది.

ఇక మీ విషయం. ఆ 0.25 శాతం కిందటి అక్టోబరుతో పోల్చి చెప్పిన మాట. కిందటి అక్టోబరు ఎలా ఉంది? 2024 అక్టోబరులో ధరలు అంతకు ముందరి ఏడాది కన్నా 6.21 శాతం ఎక్కువ. కూరగాయలైతే ఏకంగా 42.18 శాతం ఎక్కువ. ఈ అక్టోబరుకు అవే కూరగాయలు 27.57 శాతం దిగాయి. రూపాయల్లో చూడండి: 2023లో వంద రూపాయలకు వచ్చిన సంచి నిరుడు 142 అయింది, ఇప్పుడు సుమారు 103. పేపరు ‘పడిపోయింది’ అన్నది ఆ 142 నుంచి. 2023 నాటి వందకు మాత్రం ఇంకా రాలేదు. పైగా కూరగాయలు దిగినంత మాత్రాన మిగతావి దిగవు. సన్‌ఫ్లవర్ నూనెనే తీసుకోండి. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే నెలాఖరున 10కి దించారు, అంతే, సున్నాకు కాదు.

రెండో సంగతి వాటాలది. ఆ 0.25 శాతం తేల్చిన ధరల సూచీలో ఏ ఖర్చుకు ఎంత వాటా అన్నది 2011-12లో దేశమంతటా కుటుంబాలను అడిగి కట్టారు. అందులో తిండి, పానీయాలు 45.86 శాతం, చదువు 4.46 శాతం. మీ బాబు ఫీజు నెలకు పంచితే 3,166 రూపాయలు. మీవారి జీతంలో ఆరో వంతు కన్నా ఎక్కువ! దేశం లెక్కలో చదువు మూలన కూర్చుంటే మీ ఇంట్లో నట్టింట కూర్చుంది. ఉల్లి చవకైతే సూచీ దిగుతుంది, మీ ఫీజు రసీదు దిగదు.

ఉల్లి అంటే గుర్తొచ్చింది. ఉల్లి మార్కెట్టున్న ఊరు మీది, ఈ మాట మీకు నేను చెప్పాలా? 2025 సీజనులో కర్నూలు రైతుకు ధర దక్కక ప్రభుత్వమే క్వింటాలుకు 1,200 రూపాయలిచ్చి కొనవలసి వచ్చింది. కిలో పన్నెండు రూపాయలన్నమాట. మీ సంచిలో మిగిలిన నాలుగు డబ్బులు ఎవరి పొలంలోంచి వచ్చాయో పేపరు మొదటి పేజీలో రాయదు.

యజమాని గారి వాదన నాకు కొంచెం కోపం తెప్పించింది. నిరుడు 6.21 అని పడిన రోజున ఆయన పేపరు చదవలేదా? రెండేళ్లూ కలిపితే సుమారు ఆరున్నర శాతం. 2023లో 18,000కు వచ్చిన సరుకే ఇప్పుడు రావాలంటే దాదాపు 19,165 కావాలి. అది పెంపు కూడా కాదు, ఉన్నచోట నిలబడటం. కేంద్ర ఉద్యోగులకు కరువు భత్యాన్ని జనవరిలో, జులైలో సవరిస్తారు. దుకాణం గుమస్తాకు ఆ భాగ్యం లేదు కానీ, కనీస వేతనం ఉంది. మన రాష్ట్రంలో దానికి జోడించే కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. మీవారి పనికి ఇప్పుడు ఎంత రావాలో సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడగండి. తర్వాత 19,165 అంకెను కాగితం మీద వేసి, అదే యజమాని ముందు పెట్టమనండి. గుమస్తా కదా, కూడికలో ఆయనను మించినవాళ్లు ఆ దుకాణంలో ఉండరు.

మీరు పద్దు పుస్తకం రాసే అలవాటున్నవారైతే 2023 అక్టోబరు పేజీని, ఈ అక్టోబరు పేజీని నాకు పంపండి. పేర్లు తీసేసి, మీ ఇంటి సూచీ కట్టి వచ్చే సంచికలో వేస్తాను.

ప్రశ్న: సబ్బులు, టూత్‌పేస్టు మీద జీఎస్‌టీ తగ్గిందన్నారు. మా వీధి దుకాణంలో పాత ధరే తీసుకుంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 అయింది. పన్నుతో కలిపి వంద రూపాయలున్న వస్తువు సుమారు 89 రూపాయలకు రావాలి. పొట్లం మీద పాత ధర అచ్చయి ఉందన్నది సాకు కాదు. ముందు బిల్లు అడగండి. సగం దుకాణాల్లో అక్కడే ధర దిగుతుంది. దిగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.