డబ్లిన్ కోట నగల విచారణ చదవబోయే మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు ఉంటున్న డబ్లిన్‌లో 1907లో పోయిన ఐర్లాండ్ రాచ నగల మీద ప్రాజెక్టు రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగమంతా ఎంక్వైరీల్లో స్టేట్‌మెంట్లు రాసుకున్నవాణ్ణి, ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. దొంగ ఎవరో తేల్చేద్దామని మాత్రం కూర్చోకు. ఆ నగలు ఇప్పటికీ దొరకలేదు. ఎవరిని ఏం అడిగారో, ఏం అడగకుండా వదిలేశారో చూడు.

ముందు తాళంచెవుల లెక్క ఒక కాగితం మీద వేసుకో. డబ్లిన్ కోటలో బెడ్‌ఫర్డ్ టవర్ అనే భవనంలో నగలు దాచిన ఆఫీసు ఉండేది. దాని వీధి తలుపుకి ఏడు, నగలున్న ఇనప్పెట్టెకి రెండు. ఆ రెండూ ఇన్‌చార్జి సర్ ఆర్థర్ వికార్స్‌వే. 1903లో స్ట్రాంగ్ రూమ్ కట్టారు గానీ ఇనప్పెట్టె దాని గుమ్మంలో పట్టలేదు. అందుకని లైబ్రరీలోనే ఉంచేశారు. తాళాలు పగలగొట్టిన గుర్తులు లేవు. సాక్షి చెప్పే ప్రతి మాటనీ ఈ కాగితంతో సరిచూసుకో.

తర్వాత, పెద్ద హోదావాళ్ల కంటే ముందు కిందివాళ్ల మాటలు చదువు. వాళ్ల పని గంటల ప్రకారం నడుస్తుంది, అందుకే రోజూ వేళా బాగా గుర్తుంటాయి. జులై 3 ఉదయం శుభ్రం చేయడానికి వచ్చిన మిసెస్ ఫారెల్‌కి వీధి తలుపు తాళం వేయకుండా కనిపించింది. మెసెంజర్ స్టీవీకి చెప్పింది, అతను వికార్స్‌కి చెప్పాడు. ఆయన పట్టించుకోలేదు. జులై 6 ఉదయం ఏకంగా స్ట్రాంగ్ రూమ్ తలుపే తెరిచి ఉంది. అదీ ఆయన దాకా వెళ్లింది, అయినా ఇనప్పెట్టె తీసి చూడలేదు. నాలుగు రోజుల్లో బ్రిటిష్ రాజు ఎడ్వర్డ్ వస్తున్నాడు! ఆ మధ్యాహ్నం వికార్స్ ఒక హారం లోపల పెట్టమని స్టీవీకి తాళంచెవి ఇచ్చాడు. అంతకుముందెప్పుడూ అతని చేతికి ఇవ్వని తాళంచెవి అది. వెళ్లి చూస్తే పెట్టెకి తాళమే వేసి లేదు, లోపల నగలూ లేవు. నగలు చివరిసారి కనబడింది జూన్ 11న. ఇక్కడ ఆగి, ఆ తాళంచెవి గురించి తర్వాత వేసిన విచారణ కమిషన్ ఎంత లోతుగా అడిగిందో నిదానంగా చదువు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. 1908 జనవరిలో కమిషన్ కూర్చుంటే, విచారణ బహిరంగంగా జరపాలని వికార్స్ పట్టుబట్టాడు. ఒప్పుకోకపోతే లాయర్లతో సహా లేచి వెళ్లిపోయాడు. సాక్షులను బలవంతంగా రప్పించే అధికారం ఆ కమిషన్‌కి లేదు. జవాబు చెప్పలేదు కాబట్టి దొంగే అయ్యుంటాడని మాత్రం రాయకు తల్లీ. మాట్లాడనివాడి మీద అనుమానం ఎంత తేలిగ్గా పడుతుందో నేను చాలాసార్లు చూశాను. కమిషన్ కూడా వికార్స్ తగినంత జాగ్రత్త చూపలేదని మాత్రమే తేల్చింది. ఆయన ఉద్యోగం పోయింది. 1921లో కెర్రీలో తన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. చివరిదాకా తను నిర్దోషినంటూనే ఉన్నాడు.

అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ తమ్ముడు ఫ్రాన్సిస్ కూడా వికార్స్ ఆఫీసులోనే పనిచేసేవాడు. అతను మాత్రం కమిషన్ ముందుకు వచ్చి జవాబులిచ్చాడు. అతని మీద అనుమానానికి ఆధారం లేదంది కమిషన్. 1913లో వేరే మోసం కేసులో అతనికి శిక్ష పడింది. దాన్ని చూపించి ఈ నగలూ అతనే తీశాడని రాస్తే అది నిలబడదు.

స్టీవీ వాంగ్మూలం దొరికితే ఫోటోలు తీసి పంపు. జవాబులొక్కటే వద్దు, ప్రశ్నలు కూడా కావాలి నాకు.

మీ మామయ్య