ఓపిక పుట్టుకతో వస్తుందా?

ప్రశ్న: నేను, మా పెదనాన్న కొడుకు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఒకే గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాం. వయసు, బరువు, తిండి ఇంచుమించు ఒకటే. వాడు 1600 మీటర్లు తేలిగ్గా కొట్టేస్తాడు. నాకు మూడో రౌండ్‌కే కాళ్లు ఆగిపోతాయి. కోచ్ ‘నీకు పట్టుదల లేదు’ అంటారు. రాత్రి ఒంటిగంట దాకా మాక్ టెస్టులు రాసి, ఐదింటికల్లా గ్రౌండ్‌లో ఉంటున్నాను. ఇంతకన్నా పట్టుదల ఎలా చూపించాలి మేడమ్?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పట్టుదల లేదన్న మాట ముందు మనసులోంచి తీసేయండి తమ్ముడూ. మా ఫిజియాలజీ ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ పక్కన ఒక అట్ట వేలాడుతుంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలత అది. ‘ఏ కష్టమూ లేదు’ అంటే 6, ‘ఇక నా వల్ల కాదు’ అంటే 20. రొప్పుతూ మాట్లాడలేరు కాబట్టి పిల్లలు అంకెను వేలితో చూపిస్తారు. ఒకే వేగం, గుండె వేగమూ దాదాపు ఒకటే. అయినా ఒకడి వేలు 13 మీద, ఇంకొకడిది 17 మీద! రెండోవాడు నటించట్లేదు. వాడి మెదడుకి ఆ పరుగు నిజంగానే అంత భారంగా తోస్తోంది.

పుట్టుకకు వాటా ఉంది, దాచను. శాస్త్రవేత్త క్లాడ్ బూషార్డ్ బృందం ‘హెరిటేజ్’ అనే అధ్యయనంలో కుటుంబాలకు కుటుంబాల చేత 20 వారాలు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించింది. కొందరికి ఆక్సిజన్ వాడుకునే శక్తి బాగా పెరిగింది, కొందరికి దాదాపు కదల్లేదు. ఆ తేడాలో ఇంచుమించు సగం దాకా వంశపారంపర్యమేనని తేలింది.

గుండె, రక్తం, కండరాలతోనే కథ అయిపోదు. అమెరికాలో థియోడర్ గార్లాండ్ అనే శాస్త్రవేత్త 1993 నుంచి, చక్రంలో ఎక్కువగా పరిగెత్తే చిట్టెలుకలనే జతకట్టిస్తూ వచ్చారు. తరాలు గడిచేసరికి వాటి సంతతి మామూలువాటికి రెండున్నర, మూడు రెట్లు పరిగెత్తసాగింది. మెదడులో మోజును నడిపించే డోపమైన్ అనే రసాయనం మీద పనిచేసే రిటాలిన్ మందు ఇస్తే మామూలు ఎలుకలు పరుగు పెంచాయి, ఇవి తగ్గించాయి. అంటే పరుగు మీది మోజు కూడా కొంతవరకు మెదడులో పుట్టుకతోనే ఉంటోంది. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తించదు, నిజమే. అయినా ఈ ఫలితం చూశాక ఏ పిల్లాణ్ణీ బద్ధకస్తుడు అనడానికి నాకు నోరు రాదు.

మీకు అన్నిటికన్నా పనికొచ్చేది శాస్త్రవేత్త శామ్యూల్ మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం. 90 నిమిషాలు మెదడుకి కఠినమైన పని పెట్టి, తర్వాత సైకిల్ తొక్కించారు. మామూలు రోజు సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు, ఆ రోజు 640కే ఆపేశారు. గుండె, కండరాలు బాగానే ఉన్నాయి. కష్టం మాత్రం మొదటి నుంచే ఎక్కువగా తోచింది. మీరు రోజూ చేస్తున్నదీ ఇలాంటిదే!

మాక్ టెస్టులు పరుగు అయ్యాక రాయండి. రాత్రి పదికల్లా పడుకోండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు చాలు. అన్నతో పోటీపడి మొదటి రౌండ్‌లోనే ఊపిరి ఖర్చు చేయకండి. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. పరుగులో ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, గుండె డాక్టరుకి చూపించుకునే దాకా ప్రాక్టీస్ ఆపండి.