ఇరవైమందికి పులిహోర

ప్రశ్న: ఆదివారం ఇంటికి 20 మంది భోజనానికి వస్తున్నారు. నలుగురికి చేసినప్పుడు బాగా వచ్చే పులిహోర ఎక్కువమందికి చేస్తే ముద్దవుతోంది. ఎందుకు? కొలతలు చెప్పగలరు.

జవాబు: ఇంటినిండా చుట్టాలుంటే ఆ సందడే వేరు! ముద్దవడానికి కారణం, అన్నమంతా ఒకే గిన్నెలో వండటం. అడుగు అన్నం పైబరువుకి నలిగిపోతుంది. మిగతా వంటలూ ఉంటాయి కాబట్టి కిలోన్నర పాత బియ్యం చాలు. రెండు విడతలుగా, గ్లాసుకు పావుతక్కువ రెండు గ్లాసుల నీళ్లతో వండండి. వేడి మీదే వెడల్పాటి పళ్లేల్లో పరిచి పసుపు, నాలుగైదు చెంచాల నూనె, కరివేపాకు వేసి ఆరనివ్వండి. వేడన్నాన్ని గరిటెతో తిప్పితే మెతుకు విరుగుతుంది.

పులుసు శనివారమే చేసుకోండి. పావుకిలో చింతపండు రసాన్ని చిక్కగా తీసి, ఉప్పు, పచ్చిమిర్చి, చిన్న బెల్లంముక్క, కాస్త నూనె వేసి, ఆ నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. పలచగా ఉంటే మళ్లీ ముద్దే. కలిపేటప్పుడు పావువంతు పులుసు పక్కనుంచి, రుచి చూశాకే వేయండి. చింతపండు పులుపు అన్నిటిదీ ఒకలా ఉండదు. ఇంగువ తాలింపు మాత్రం ఆ పూటే పెట్టండి. వేయించిన పల్లీలు వడ్డించే ముందు కలపండి, లేకపోతే మెత్తబడతాయి. భోజనాలకు రెండు గంటల ముందే కలిపేస్తే పులుపు మెతుక్కి బాగా పడుతుంది, మీకూ వచ్చినవాళ్లతో కూర్చునే తీరిక దొరుకుతుంది.